గది గాలి

పొద్దున్నే ఆస్పత్రికి రాగానే సంచులక్క చేసే మొదటి పని కిటికీలు తెరవడం. రెండో పని, చేతిపంపుతో ఒక ఖాళీ సంచిలోకి గదిలో ఉన్న గాలిని నింపి, బిరడా బిగించి, దాని మీద ‘గది గాలి’ అని చీటీ అంటించడం. ఆ తర్వాతే రోగుల్ని పిలుస్తుంది. మనిషి ఊపిరిలో ఏమేం కలిసున్నాయో గీతలు గీసి చూపించే యంత్రం పక్క గదిలో ఉంది. అదొక అనుమానపు పక్షి. రోగి ఊపిరిలో దొరికిన వాసన రోగిదా, లేకపోతే గది తుడిచిన ఫినాయిలుదా అని దానికి సందేహం. అందుకని రోజూ ముందు గది గాలి రుచి చూపించాలి. అప్పుడుగానీ పని మొదలుపెట్టదు.

ఆవిడకీ ఒక పేరుంది, హాజరుపట్టీలో. కానీ ఛాతీ ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళుగా సంచులు పట్టుకుని తిరుగుతుంటే ఆ పేరు ఎవరికి గుర్తుంటుంది? డాక్టరమ్మ దగ్గర్నుంచి గేటు దగ్గర టీ కొట్టతని దాకా అందరికీ ఆవిడ సంచులక్కే. ఆవిడ కూడా ఫోనెత్తి “ఆఁ, సంచులక్కని” అనే అంటుంది.

పని చూడ్డానికి తేలికే. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టంలోకి ఊదమంటుంది. ఊపిరిలో మొదట వచ్చేది నోట్లోదీ గొంతులోదీ, దాన్ని బయటికి వదిలేస్తుంది. సరిగ్గా సగం అయ్యేసరికి మీట తిప్పుతుంది. ఛాతీ అట్టడుగు నుంచి వచ్చే మిగతా సగం సంచిలోకి వెళ్తుంది. రోగం సంగతి చెప్పేది అదే. ఆ గదిలో దాన్ని ‘చివరి ఊపిరి’ అంటారు. మనిషికి రెండు సంచులు. ఒకటి యంత్రానికి, రెండోది వైద్యం అయ్యేదాకా తీగ మీద వేలాడదీసి ఉంచడానికి, మళ్ళీ ఏదైనా అనుమానం వస్తే పనికొస్తుందని.

తీగ మీద ఉన్న సంచులు ఊపిరి తీసుకుంటూ ఉంటాయి. మనిషి ఎక్కడున్నా సరే. అతను మెట్లెక్కుతుంటే ఇక్కడ అతని సంచి గబగబా ఎగిసిపడుతుంది. కునుకు తీస్తే మెల్లగా లేచి మెల్లగా పడుతుంది. నవ్వితే కుదుపు. ఊపిరన్నాక ఊపిరి పని అది చేసుకుంటుంది, అందులో చెప్పుకోవడానికేముంది? ఊడ్చే ఆయమ్మ మాత్రం వాటి కిందనుంచి చీపురు తీసుకెళ్ళేటప్పుడు ఒంగి వెళ్తుంది. “ఆ మూలాయన ఇప్పుడే పడుకున్నాడు, బల్ల లాగకండి” అంటుంది.

రోగం నయమైనవాళ్ళు ఒక రోజొచ్చి, తమ సంచి తామే తీసుకెళ్ళి, కిటికీ దగ్గర బిరడా విప్పి వదిలేసి పోతారు. కొన్ని సంచులు ఆ రోజు రాకుండానే ఆగిపోతాయి. అప్పుడు ఆయమ్మ చీపురు గోడకి ఆనించి, ఆ సంచి దించి, మడతపెట్టి డాక్టరమ్మ బల్ల మీద పెడుతుంది. ఆ పూట ఎవరూ రేడియో పెట్టరు.

ఇన్ని ఊపిర్లు చూసుకునే ఈవిడకి ఇంట్లో ఒక మొండిఘటం ఉంది. మొగుడు. రాళ్ళ మీద అక్షరాలు చెక్కుతాడు. ఇళ్ళ పేర్ల పలకలు, బడి గోడల మీద రాళ్ళు, పోయినవాళ్ళ జ్ఞాపకం రాళ్ళు అన్నీ ఆయన చేతివే. వాళ్ళుండే వైపు ఏ గుమ్మం ముందు నిలబడి పేరు చదివినా అది ఆయన రాసిన పేరే. అక్షరాలాయన అంటే చాలు, పసిపిల్లలు కూడా షెడ్డు చూపిస్తారు. ఆయన ఇంటికే పలక లేదు. అడిగితే, “మన పలక ఆఖర్న చెక్కుతాలేవే, తొందరేముంది” అనేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే మాట.

రెండేళ్ళుగా ఆయనకి దగ్గు. పెద్ద దగ్గేం కాదు, మాటకి మాటకి మధ్య గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. వినేవాళ్ళకి అలవాటైపోతుంది. సంచులక్కకి మాత్రం అలవాటు కాలేదు.

“ఒక్కసారొచ్చి ఊదిపోవయ్యా. సూది లేదు, మందు లేదు. ఊదడమే.”

“ఊదమంటే ఊదడానికి నేనేమన్నా సన్నాయా?”

“నా మాటంటే లెక్కలేదు నీకు.”

“నీ మాటంటే లెక్కుందే. నీ యంత్రం మాటంటేనే భయం.” అంతవరకూ అని, ఉలిని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఆయన భయం ఆవిడకి తెలుసు. ఏదో ఒక పేరున్న రోగం బయటపడితే చేతిలోంచి ఉలి లాగేసుకుంటారని. ఉలి లేకపోతే తను ఎవరో ఆయనకే తెలీదు. ఆవిడ బతిమాలింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఉహుఁ. పట్టిన పట్టు వదిలితే కదా.

అలాంటిది, ఆయన ఊపిరి ఇచ్చేశాడు. ఎలా ఇచ్చాడో వినండి.

ఆ రోజు ఇంకా గది గాలి నింపకముందే ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు. బడి నుంచి రిటైరై నాలుగేళ్ళయినా మెళ్ళో ఈల తియ్యలేదు. ఆ ఈల ఊదలేకపోతున్నాననే ఆయన బాధ. సంచులక్క ముక్కుకి క్లిప్పు పెట్టి, రోజూ చెప్పేదే చెప్పింది.

“ముందొచ్చే ఊపిరి మాకక్కర్లేదు మాస్టారూ. మీ చివరి ఊపిరి తీసుకుంటాం, అంతే. ఒక్క నిమిషంలో అయిపోతుంది.”

మాస్టారు ఆవిడ వంక చూశాడు. చేతిలో సంచి వంక చూశాడు. తీగ మీద వరసగా వేలాడుతున్నవాటి వంక చూశాడు. అంతే, క్లిప్పు ముక్కుకుండగానే లేచి ఒకటే పరుగు! ఊపిరాడ్డం లేదని వచ్చిన మనిషి, వరండా దాటి, మెట్లు దిగి, సైకిలు స్టాండు దాకా పరిగెత్తాడు.

“అయ్యో మాస్టారూ! చివరి ఊపిరంటే అది కాదండీ!” అని సంచులక్క వెనకాల పడింది. గుమ్మంలోనే మొగుడు ఎదురయ్యాడు, ఆవిడ మర్చిపోయి వచ్చిన క్యారేజీ పట్టుకుని.

“ఏమయ్యా, ఆ బల్ల మీద సంచీ పంపూ ఉన్నాయి. కాస్త గాలి నింపి బిరడా బిగించి పో!” అని అరుస్తూనే వెళ్ళిపోయింది.

మాస్టార్ని వెనక్కి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరి ఊపిరి అంటే అడుగున ఉన్నదని, ఆయనకి ఇంకా లెక్కలేనన్ని మిగిలున్నాయని, ఒట్టు పెట్టి చెప్పాల్సొచ్చింది. సంగతి విని డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, “ఇకమీదట అడుగు ఊపిరి అనండక్కా, పుణ్యముంటుంది” అంది. ఈ గొడవంతా అయి లోపలికొస్తే బల్ల మీద క్యారేజీ ఉంది. పక్కనే సంచి నిండుగా, బిరడా బిగించి ఉంది. మనిషి వెళ్ళిపోయాడు. సంచులక్క దాని మీద ‘గది గాలి’ చీటీ అంటించి, యంత్రానికి ఒక గుక్క పట్టించి, తీగకి తగిలించింది.

సాయంత్రం దాన్ని ఖాళీ చేద్దామని చెయ్యి వేస్తే, సంచి ఊపిరి తీసుకుంటోంది.

“ఇదేంటి ఆయమ్మా, గది ఊపిరి తీసుకుంటోంది?”

ఆయమ్మ దగ్గరికొచ్చి చూసింది. “తీసుకోదా మరి! అరవై ఏళ్ళుగా అందరి ఊపిరీ పీల్చి పీల్చి ఉంది. ఇన్నాళ్ళూ బిగబట్టుకుంది పాపం.”

ఊపిరి తీసుకుంటున్న సంచిని ఖాళీ చెయ్యడం ఆ గదిలో ఎవరూ చెయ్యని పని. సంచులక్క దాన్ని అలాగే ఉంచేసింది. మర్నాడు చూస్తే పంపుకి వాషరు పోయింది, గాలి రావడమే లేదు. పక్క వార్డు నుంచి ఒకటి అరువు తెచ్చుకుని పని నడిపింది. ఆ తర్వాత నింపిన గది గాలి సంచులన్నీ ఎప్పట్లాగే కదలకుండా ఊరుకున్నాయి. ఏ రోగి అయినా రోజూ వచ్చి ఇస్తాడా, గదైనా అంతే అని సరిపెట్టుకున్నారు.

నాలుగో రోజున డాక్టరమ్మ గీతల కాగితం పట్టుకుని వచ్చింది. ఆరేళ్ళుగా ఆవిడ రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళ ఊపిర్లు పోగుచేసి, వాటి గీతలు పక్కపక్కన పెట్టి చదువుతోంది.

“అక్కా, మన గదికి ఒంట్లో బాగాలేదు. ఇది రాతిదుమ్ము గీత. ఇంకా మొదట్లోనే ఉంది, కానీ అదే.”

“గదికి రాతిదుమ్మెక్కడిది డాక్టరమ్మా?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.”

రోగం ఉందని తెలిశాక వైద్యం చెయ్యకుండా ఎలా ఉంటారు? డాక్టరమ్మ కార్డు రాసింది. పేరు, గది. వయసు, అరవై రెండు. వృత్తి, ఆస్పత్రి. నేల బండల సందుల్లో సిమెంటు పూయించారు. కిటికీ గట్టు రాయి పెచ్చులూడుతుంటే తీయించి చెక్క పెట్టించారు. ఆయమ్మ పొడిగా ఊడవడం మానేసి, నీళ్ళు చల్లి ఊడవడం మొదలుపెట్టింది. ఇంత చేసినా సంచి తీరు మారలేదు. అదొక వింత తీరు. ఊపిరి పీల్చి, బిగబట్టి, కదలకుండా ఉండేది. మధ్యాహ్నం తిండి వేళ సంచులక్క దాని ముందు కూర్చుని లెక్కపెట్టేది, నాలుగు, అయిదు, ఆరు. ఉన్నట్టుండి ‘ఫూ’ అని ఒక్కసారిగా చప్పబడేది. మళ్ళీ పీల్చేది, బిగబట్టేది, ‘ఫూ’. ఒక్కోసారి రెండింతలు బిగబట్టేది. మధ్యమధ్యలో చిన్న కుదుపు, దగ్గులాగా.

“ఏం గదమ్మా ఇది, దీని దుంప తెగ. ఊపిరి తీసుకోవడానిక్కూడా లోభితనమే” అని తిట్టుకునేది. జాలీ పడేది. మిగతా రోగుల సంచుల పక్కనుంచి తీసి కిటికీకి దగ్గరగా, వెలుతురు తగిలే చోట దాన్ని తగిలించింది కూడా.

రెండు వారాలయ్యాక పక్క వార్డువాళ్ళు పంపు తిరిగివ్వమన్నారు. మొగుడి షెడ్డులో వాషర్ల డబ్బా ఉంటుందని గుర్తొచ్చి, సంచులక్క తింటూ తింటూనే ఫోను చేసింది.

“ఏమయ్యా, నీ దగ్గర చిన్న వాషరేమన్నా ఉందా? పంపుకి కావాలి.”

“ఆ దిక్కుమాలిన పంపు ఇంకా బాగుచేయించలేదా? దాని మూలానే కదే, ఆ రోజు నోటితో ఊది చచ్చాను.”

“ఏం ఊదావు?”

“నీ సంచి. గాలి నింపి పొమ్మన్నావు కదా. పంపు కొడితే బుస్సుమంటోంది గానీ గాలి ఎక్కదే. సరే, నోరుంది కదా అని… ఉండవే ఉండు, ఒత్తు మధ్యలో ఉన్నాను.”

ఫోన్లో మాట ఆగింది. ఉలి చప్పుడు వినబడింది, టిక్ టిక్ టిక్ అని. సంచులక్క తలెత్తి చూసింది. కిటికీ దగ్గర సంచి నిండుగా బిగుసుకుని, కదలకుండా ఉంది. అయిదు. ఏడు. తొమ్మిది.

చెవిలో ‘ఫూ’ అని వినబడింది. కళ్ళ ముందు సంచి చప్పబడిపోయింది.

“ఆఁ, ఇప్పుడు చెప్పు” అని ఆయన దగ్గాడు. సంచిలో చిన్న కుదుపు.

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడుపొచ్చింది. దాని వెనకాలే తన మీద తనకి పట్టరాని కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళలో ఎవరు మెట్లెక్కుతున్నారో, ఎవరు నిద్రలో ఉలిక్కిపడ్డారో సంచి చూసి చెప్పేసే మనిషి, ఇరవై ఆరేళ్ళు పక్కన పడుకున్నవాడి ఊపిరి పోల్చుకోలేకపోయింది! అవును మరి, ఆవిడకి తెలిసింది నిద్రపోయే ఊపిరి. ఇది పనిచేసే ఊపిరి. అక్షరం చెక్కేటప్పుడు చెయ్యి వణక్కుండా బిగబట్టడం, చెక్కాక దాని గుంటలో దుమ్ము పోయేలా ఊదడం, ఒత్తు ఉంటే ఇంకాస్త సేపు బిగబట్టడం. ఊదిన ప్రతిసారీ ఆ దుమ్మంతా ఎగిరి ఆయన మొహానికే కొడుతుంది. పొద్దున ఆవిడ ఆస్పత్రికొస్తే ఆయన షెడ్డులోకి వెళ్తాడు. ఆ షెడ్డులో ఆయన పక్కన ఒక పూటంతా కూర్చున్నది ఎప్పుడు గనక?

“ఏమే, ఉన్నావా?”

“ఉన్నా” అంది. “ఉన్నానయ్యా.”

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభసే అయింది.

“దొంగచాటుగా తీశావా నా ఊపిరి?”

“దొంగచాటుగానా? నువ్వే ఊదావు! సన్నాయిని కాదన్న పెద్దమనిషివి, బుగ్గలు ఉబ్బించి మరీ ఊదావు!”

“పంపు పనిచెయ్యలేదే మరి…” అని గొణిగాడు. గీతల కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇంత వంకర గీతలు నేనైతే గీయను” అన్నాడు చివరికి. మర్నాడు ఆవిడ వెనకాలే నోరెత్తకుండా ఆస్పత్రికొచ్చాడు. గది పేరు మీదున్న కార్డు కొట్టేసి డాక్టరమ్మ ఆయన పేరు రాసింది. ఎక్స్‌రే తీశారు, గొట్టంలో బలంగా ఊదించారు. యంత్రం చెప్పిందే నిజమైంది.

“లోపల కూర్చున్న దుమ్ము లేవదు బాబాయ్” అంది డాక్టరమ్మ దాచకుండా. “కానీ ఇంకా కొంచెమే కూర్చుంది. దగ్గు ముదిరాక వచ్చుంటే నేను చెయ్యగలిగింది తక్కువ. కొత్త దుమ్ము లోపలికి పోకుండా చూసుకుంటే చాలా ఏళ్ళు హాయిగా ఉంటారు. పొడి రాయి ముట్టుకోవద్దు. ఊదడం అసలే వద్దు. రాయి తడిపి చెక్కండి, మొహానికి ముసుగు పెట్టుకోండి.”

“తడి రాయి మీద పెన్సిలు గీత నిలవదమ్మా. ఊదకపోతే అక్షరం కనబడదు.”

“కనబడకపోతే పోనీండి, మీరు మాకు కనబడాలి కదా.”

చేతిలో ఉన్న ఒక్క రాయి ముగించేస్తానని మాటిచ్చాడు. ముసుగు పెట్టుకుని ముగించాడు. షెడ్డుకి తాళం వేశాడు. ఉలులన్నీ నూనె గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాడు. ఇక అక్కణ్ణుంచి కుర్చీలో కూర్చుని గోడ చూడటమే పని. పెట్టింది తినేవాడు, అడిగినదానికి ఊఁ అనేవాడు.

ఆస్పత్రిలో ఆయన సంచి కూడా అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద ఆయన పేరు చీటీ. లేచి పడుతోంది, లేచి పడుతోంది. బిగబట్టడం లేదు, ఊదడం లేదు. కుదుపు కూడా తగ్గింది. డాక్టరమ్మ సంతోషించింది. సంచులక్క మాత్రం దాన్ని చూడలేకపోయింది. ఊపిరైతే ఉంది, అందులో ఒక్క అక్షరమైనా లేదు. రోగం నుంచి కాపాడి మనిషిని పోగొట్టుకున్నానా అని పైకే అనేసింది ఒకరోజు. ఆయమ్మ ఆవిడ భుజం మీద చెయ్యేసి, “కోలుకుంటాడులే, మొండోడు కదా” అంది.

షెడ్డుకి తాళం పడ్డ పదకొండో రోజు మధ్యాహ్నం. డ్రిల్లు మాస్టారు తన సంచి వదలడానికి వచ్చాడు. కిటికీ దగ్గర బిరడా విప్పి, ఆ ఆనందంలో ఈల తీసి వార్డంతా అదిరేలా ఊదాడు. అందరూ నవ్వుతున్నారు. సంచులక్క కూడా నవ్వుతూ పక్కకి చూసేసరికి, మొగుడి సంచి బిగబట్టింది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నాలుగు లెక్కపెట్టింది, అయిదు. ‘ఫూ’ అనలేదు. మెల్లగా వదిలింది. మళ్ళీ బిగబట్టింది. మళ్ళీ మెల్లగా, నీరసంగా వదిలింది. మూడోసారి కూడా అంతే. నాలుగోసారి బిగబట్టి, ఇక వదల్లేదు. తొమ్మిది. పన్నెండు. పదిహేను.

ఆయమ్మ చీపురు గోడకి ఆనించింది.

“దాన్ని ముట్టుకోకు!” అని అరిచి సంచులక్క పరిగెత్తింది. తెల్లకోటుతోనే, వరండా దాటి, మెట్లు దిగి, సైకిలు స్టాండు దాటి, రెండు వీధులు. ఇరవై ఆరేళ్ళలో పక్కన కూర్చోని పగళ్ళన్నీ గుర్తొస్తున్నాయి. ఇంటి గుమ్మం తీసే ఉంది. కుర్చీ ఖాళీ. మంచం కింద ఉలుల మూట లేదు. షెడ్డు తలుపు తోసింది.

నేలంతా నీళ్ళు. దూలానికి కట్టిన సీసా అడుగున చిల్లుంది, అందులోంచి చుక్క చుక్కా నల్లరాతి మీద పడుతోంది. మొహానికి ముసుగు, ముంజేతుల దాకా బురద, అక్షరాలాయన రాతి మీద ఒంగి ఉన్నాడు.

“ఏమయ్యా!”

ఆయన తలెత్తకుండా ఎడమచెయ్యి గాల్లోకి లేపాడు. టిక్ టిక్ టిక్. ఆ తర్వాత మెల్లగా ఊపిరి వదిలాడు.

“ఉండవే అంటే ఉండవు కదా. ఒత్తు మధ్యలో ఉన్నాను.”

సంచులక్క గడప మీద కూలబడింది. తిడదామనుకుంటే మాట రాలేదు, ఊపిరందితే కదా. ఆయన గాభరాపడి నీళ్ళ చెంబు తెచ్చిచ్చాడు. “ఏమైందే, ఎవరు తరిమారు?” అన్నాడు. ఆవిడ తాగి, రొప్పు తగ్గాక, రాతి వంక చూసింది. తడిసి మెరుస్తున్న రాతి మీద నాలుగక్షరాలు. సంచులక్క. చివరి అక్షరం కింద ఒత్తు ఇంకా బురదతో నిండి ఉంది.

“ఇదేంటి?”

“ఇంటి పలక.”

“మన పలక ఆఖర్న చెక్కుతానన్నావు కదయ్యా. ఇరవై ఆరేళ్ళుగా అదే అన్నావు.”

“అన్నాను. పొడి రాతి మీద ఆఖరిది అయిపోయింది కదా మొన్న. తడి రాతి మీద ఇదే మొదటిది.” ముసుగు కిందకి లాక్కున్నాడు. కళ్ళలో కాస్త సిగ్గు. “పెన్సిలు నిలవట్లేదని మేకుతో గీసుకున్నాను. బానే వస్తోంది. కొంచెం ఆలస్యం, అంతే.”

అలా అంటూనే అలవాటు చొప్పున రాతి మీదికి ఒంగి, బుగ్గలు ఉబ్బించాడు. సంచులక్క ఒక్క గెంతులో వచ్చి ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేత్తో కోటు అంచు నీళ్ళలో ముంచి ఆ ఒత్తు తుడిచింది. అక్షరం చక్కగా కనబడింది.

అరచేతికి వెచ్చగా ఆయన ఊపిరి తగులుతోంది. ఆవిడ వెంటనే చెయ్యి తియ్యలేదు. తీశాక ఆయన అడిగాడు, “కింద నా పేరు కూడా చెక్కనా, వద్దా?”

“చెక్కు. అక్షరాలాయన. ఆరక్షరాలు, రెండోది మాత్రమే కష్టం” అంది ఆవిడ లేచి, తడిసిన కోటు దులుపుకుంటూ. “మెల్లగా చెక్కు, తొందరేముంది. నేను వెళ్ళి నీ సంచి ముందు కూర్చుంటాను. ఒక్కో అక్షరం చదువుకుంటాను.”